తెర మీద తళుకు... తండాలో కుట్టు!

సినిమా చూసి ఇంటికొచ్చేటప్పుడు మగవాళ్లు పాట పట్టుకొస్తారు. మరి ఆడపిల్లలు ఏం పట్టుకొస్తారో తెలుసా? చెయ్యి! అవునండీ... కథానాయిక జాకెట్టు చెయ్యి! అది బుట్ట చెయ్యా, మోచేతి దాకానా, అంచుకు లేసు పెట్టారా, వీపు మీద ముడి వేశారా, గుండీలు ముందా వెనకా... ఇంటర్వెల్ గంట కొట్టేలోపు ఇవన్నీ తేలిపోవలసిందే. కథ ఏమైందో రెండో ఆటకి వెళ్లినప్పుడు చూసుకోవచ్చు.

నవ్వకండి. వాణిశ్రీ కొప్పు చూసి ఊరూరా కొప్పులు లేచిన కాలం ఒకటుండేది. 1973లో 'బాబీ' వచ్చి డింపుల్ కపాడియా చుక్కల జాకెట్టు తొడుక్కుంటే, ఆ చుక్కల గుడ్డకి 'బాబీ ప్రింట్' అన్న పేరు పడిపోయింది. తెర మీది బట్ట గుడ్డల కొట్టుకొచ్చేసరికి ఆలస్యమయ్యేదేమో గాని, కుట్టుమిషన్ ఉన్న ఇంటికి మాత్రం మర్నాడే వచ్చేసేది!

అలాంటి ఒక ఇంట్లో పుట్టినదాన్ని నేను. ఊరు దేవరకొండ, నల్లగొండ జిల్లా. మా అమ్మకి పుట్టింటివాళ్లు పెట్టిన సారెలో బిందెలతో పాటు ఒక కాలు మిషన్ కూడా వచ్చింది. బజారులో మేరాయన ఉండేవాడు, మంచి పనివాడే. కాని ఆయన దగ్గర అంగీలూ లాగులే ఎక్కువ. పండక్కి జాకెట్టు ఇస్తే పండగ వెళ్లాక చేతికొచ్చేది. అందుకని మా వాడకట్టు ఆడవాళ్లంతా మా వసారాలోనే. అమ్మ తొక్కుతుంటే నేను కాజాలు కుట్టేదాన్ని, హుక్సులు వేసేదాన్ని. పదో తరగతి పాసయ్యేసరికి క్రాస్ కటింగ్ కూడా వచ్చేసింది. ఇక నా గర్వానికి హద్దేముంది?

ఆ గర్వం కథే ఇప్పుడు చెప్పబోతున్నాను.

కత్తెరకేం తెలుసు?

1984వ సంవత్సరం. నేను ఇంటర్ చదువుతున్నాను. ఒక చిత్రంలో లంబాడీ నృత్యం చూశాను. చిత్రం పేరెందుకు లెండి, అలాంటి నృత్యం అప్పట్లో చాలా చిత్రాల్లో ఉండేది. కథానాయిక ఒంటి నిండా అద్దాలు. దీపాలు పడి తళతళలాడుతుంటే హాలంతా ఈలలు! కాలేజీ వార్షికోత్సవానికి నాకూ అలాంటి జాకెట్టు కావాలనిపించింది. అద్దాలు కుట్టడం నాకు రాదు. ఎవరినైనా అడిగి నేర్చుకుందామన్న ఓపిక అంతకన్నా లేదు.

సీతాఫలాల కాలం. తండా నుంచి గంపనెత్తుకుని ఒక లంబాడీ ఆమె మా వాడకట్టుకి వచ్చేది. ఆ రోజు ఫలాలతో పాటు ఒక చిన్న మూట కూడా తెచ్చింది. కొడుక్కి జ్వరమట, మందులకు డబ్బు కావాలట. మూట విప్పితే... కాంచళి! వాళ్లు తొడుక్కునే రవిక అది. ముందువైపంతా గళ్లు గళ్లుగా కుట్టు, నడుమ నడుమ అద్దాలు, అంచున గవ్వలు. నేను అమ్మ కొంగు పట్టుకుని లాగాను. అమ్మ పదిహేను రూపాయలు ఇచ్చింది. ఆమె లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి నేనేం చేశానో ఊహించగలరా? కత్తెర తీశాను. కాంచళి ముందుభాగాన్ని నాలుగు ముక్కలుగా కోసి, రెండు చేతులకు రెండు, వీపుకు ఒకటి, మెడకు ఒకటి... నల్ల శాటిన్ జాకెట్టు మీద పెట్టి మిషన్ మీద కుట్టేశాను. వార్షికోత్సవంలో నాకు బహుమతి వచ్చింది. స్నేహితురాళ్లు చుట్టూ మూగి "ఎవరు కుట్టారే?" అని అడిగారు.

"నేనే!" అన్నాను.

పదిరోజుల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. ఆ జాకెట్టు వసారాలో తీగ మీద ఆరేసి ఉంది. గంప దించి, దగ్గరికెళ్లి, చెయ్యి అంచు పట్టుకుని చాలాసేపు చూసింది.

"కోసినవా బిడ్డా?"

నేను మాట్లాడలేదు.

"ఇది మా యాడి కుట్టింది. నా పెండ్లికి పెట్టింది."

తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను మిషన్ సూదితో పాత కుట్టు తెంపేసినచోట ఒక అద్దం ఊగులాడుతోంది. అది చూసి "సూది తే" అంది. గడప మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని అద్దం బిగించడం చూపించింది. రెండోదాన్ని నాతోనే కుట్టించింది. నేను వేసిన కుట్టు వంకరపోతే ఇప్పేసి మళ్లీ కుట్టమంది. తర్వాత గంపనెత్తుకుని వెళ్లిపోయింది. ఆమె పేరేమిటో నేను అడగలేదు.

రంధ్రం లేని అద్దం నిలిచేదెలా?

ఆ కుట్టు మీకూ చెబుతాను. అద్దానికి రంధ్రం ఉండదు. జిగురూ ఉండదు. గుడ్డ మీద అద్దం పెట్టి బొటనవేలితో అదిమి పట్టాలి. సూదిని కింది నుంచి తీసి, అద్దం మీదుగా నిలువునా రెండు పోగులు, అడ్డంగా రెండు పోగులు లాగాలి. అష్టాచెమ్మా గీసినట్టు నడుమ ఒక గడి పడుతుంది. ఇక ఆ పోగుల్నే ఊతం చేసుకుని, చుట్టూ కాజా కుట్టులాంటిది వేసుకుంటూ పోవాలి. కుట్టు వేసినకొద్దీ పోగులు నడిమి నుంచి అంచుకు జరుగుతాయి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి దారంతోనే గుండ్రటి చట్రం తయారవుతుంది. అద్దం అందులో కూర్చుండిపోతుంది. మొదటి నాలుగు పోగులు వదులైతే మాత్రం మొదటి ఉతుకులోనే అద్దం రాలిపోతుంది!

ఒక అద్దానికి చెయ్యి తిరిగినవాళ్లకే కొన్ని నిమిషాలు పడుతుంది. మరి కాంచళి నిండా అద్దాలు, కుచ్చుల లంగా పేట్యాకి పట్టీలు పట్టీలుగా కుట్టు, తల మీంచి వేసుకునే టుక్రీకి అంచు, గవ్వలు, పూసలు, బిళ్లలు... లెక్క వేసుకోండి. పొలం పనీ, పశువుల పనీ, వంట పనీ అయ్యాక మిగిలిన పొద్దులో కుట్టేవి ఇవి. పెళ్లీడుకొచ్చే కూతురి కోసం తల్లి ఏళ్ల తరబడి కుట్టేది. కూతురు పక్కన కూర్చుని నేర్చుకునేది. కాగితం మీద గీత గీయరు. గుడ్డ పోగుల్ని లెక్కపెట్టుకుంటూ సూదితోనే బొమ్మ పుట్టిస్తారు.

ఇంతకీ వీళ్లకీ కుట్టు ఎలా వచ్చింది? ఒకప్పుడు ఎద్దుల మంద మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు వీళ్లు. మొగలుల సైన్యాలకూ, దక్కను సైన్యాలకూ తిండిగింజలు చేరవేసింది వీళ్లే. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బేరం పోయింది. తండాలు ఒకచోట స్థిరపడ్డాయి. దేవరకొండ గుట్టల్లో, పాలమూరు మిట్టల్లో ఎటు చూసినా తండాలే. తిరిగే బతుకులో ఇల్లూ వాకిలీ ఉండవు కదా, ఉన్న సొగసంతా ఒంటి మీద బట్టకే పెట్టుకున్నారు. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది 1976లో. ఆ తర్వాత పిల్లలు హాస్టళ్లకూ, కాలేజీలకూ వచ్చారు. చదువు వచ్చింది, కాని అమ్మ బట్ట తొడుక్కుని బస్సెక్కితే జనం వింతగా చూడడమూ వచ్చింది. చీర కట్టుకోవడం, పంజాబీ డ్రెస్సు వేసుకోవడం తేలికనిపించింది. పేట్యాలు ట్రంకు పెట్టెల్లోకి వెళ్లాయి. పెట్టెల్లోంచి కొన్ని బేరగాళ్ల మూటల్లోకి వెళ్లాయి. ముక్కలై సంచులుగా, దిండు గలీబులుగా పట్నాల్లో దుకాణాలకెక్కాయి.

అంటే నేను ఆ రాత్రి చేసిన పనే, పెద్ద ఎత్తున!

టైటిల్స్‌లో ఎవరి పేరు?

చిత్రం మొదలయ్యేటప్పుడు టైటిల్స్ పడతాయి. సంగీతం దాకా చదువుతాం, దర్శకుడి పేరు వస్తే చప్పట్లు కొడతాం. నడుమ 'దుస్తులు' అని ఒక పేరు వస్తుంది చూడండి, అది ఎవరైనా చదువుతారా?

చదవవలసిన పేరు ఒకటి మన జిల్లాదే ఉంది. బి.నర్సింగరావు తీసిన 'దాసి' గుర్తుందా? గడీలో బతుకు వెళ్లదీసే దాసీ కథ. 1988 సంవత్సరానికి ఆ చిత్రానికి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె.బీర్, కళాదర్శకత్వానికి చిత్రకారుడు వైకుంఠం, ఇక దుస్తులకు... సుదర్శన్! మిర్యాలగూడ మనిషి. ఆ తర్వాత ఆయన్ని అందరూ 'దాసి సుదర్శన్' అనే పిలిచారు. చిత్రం పేరే ఇంటిపేరైపోయింది! తళుకులకు కాదండీ ఆ అవార్డు. దాసీ ఒంటి మీద ఉన్నది దాసీ బట్టే అని చూసేవాళ్లు నమ్మారే, అందుకు.

ఇంకాస్త దూరం వెళితే కొల్హాపూర్‌లో పుట్టిన భాను అతయ్య. 'గాంధీ' చిత్రానికి దుస్తులు రూపొందించినందుకు 1983లో ఆస్కార్ అందుకున్నారు. ఆ బహుమతి అందుకున్న మొట్టమొదటి భారతీయురాలు ఆమె. నటికో దర్శకుడికో కాదు, మన దేశానికి మొదటి ఆస్కార్ తెచ్చింది బట్ట!

నేత మీద ఏకంగా ఒక చిత్రమే వచ్చింది, 2019లో 'మల్లేశం'. ప్రియదర్శి నాయకుడు, తల్లిగా ఝాన్సీ. కథ కల్పితం కాదు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం జీవితం అది. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు తిరగాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి తల్లి పేరే పెట్టాడు, 'లక్ష్మీ ఆసు యంత్రం'. చూశారా! ఆసు పోసిన ఇన్నేళ్లలో చీర మీద ఆ తల్లి పేరు ఎక్కడా లేదు. యంత్రం మీద పడింది.

మన గుడ్డ, మన మిషన్

ఇప్పుడు ఇంట్లో కుట్టుకునేవాళ్లకు నాలుగు మాటలు. బయట కుట్టుకూలి ఎంతయిందో మీకు నేను చెప్పాలా? పైగా మన రెండు పాత జిల్లాల్లో దొరికేన్ని రకాల గుడ్డ ఇంకెక్కడ దొరుకుతుంది! పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది, గద్వాల, నారాయణపేట సొంతంగా జిల్లాలైపోయాయి. కాని గుడ్డకి జిల్లా సరిహద్దులేముంటాయి?

నారాయణపేట నూలు జాకెట్టుకి హాయిగా ఉంటుంది. కాని కొత్త గుడ్డ తెచ్చిన రోజే కత్తెర పెట్టకండి. ఒక పూట నీళ్లలో నానేసి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కోయాలి. ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుంది. తడి తెల్లగుడ్డతో అదిమి చూస్తే రంగు దిగుతుందో లేదో తెలిసిపోతుంది. ముదురు రంగు దిగే గుడ్డ మీద తెల్లదారం పని పెట్టకండి, మొదటి ఉతుక్కే గోవిందా!

పోచంపల్లి, పుట్టపాక గుడ్డలో బొమ్మ అద్దింది కాదు. నేయడానికి ముందే దారాన్ని కట్టలు కట్టి రంగుల్లో ముంచుతారు, కట్టినచోట రంగు పట్టదు. ఆ దారం మగ్గం మీదికెక్కాక బొమ్మ లేస్తుంది. అందుకే అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అది లోపం కాదు, దాని గుర్తు అదే! కోసేటప్పుడు మాత్రం బొమ్మ నడిమి గీత వీపు నడుమకొచ్చేలా, రెండు చేతులకూ ఒకే వరస వచ్చేలా ముందే పరిచి చూసుకోవాలి. ఒక చేతికి చిలక తల, ఇంకో చేతికి తోక వస్తే చూసేవాళ్లు నవ్వుతారు.

గద్వాల చీర ఒడలు నూలు, అంచు పట్టు. రెంటినీ కుట్టారనుకుంటారు చాలామంది. కుట్టు కాదు, నేతలోనే పోగుకి పోగు మెలేసి కలుపుతారు. చీర నడుమ చిరిగినా అంచు గట్టిగానే ఉంటుంది. ఆ అంచుని పారేయకండి. పాపకి పరికిణీ అడుగున వేస్తే అమ్మమ్మ చీర ఇంకో పదేళ్లు బతుకుతుంది.

ఇక కొలత. ఛాతీ చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, కుట్టుకూ వదులుకూ కలిపి అంగుళంన్నర చేర్చండి. 36 అయితే 9, దానికి ఒకటిన్నర, మొత్తం పదిన్నర అంగుళాలు. పక్క కుట్లలో ఇంకో అంగుళం లోపలికి వదిలితే రేపు లావెక్కినా విప్పుకోవచ్చు. ముందు పాత చీర ముక్క మీద కోసి, కుట్టి, తొడుక్కుని చూడండి. అద్దాల పని ఉంటే జాకెట్టు కుట్టకముందే చేతి ముక్క మీద చేసుకోవాలి, కుట్టు పోయే అంచున మాత్రం అద్దం పెట్టకూడదు. మిషన్ సూది తగిలిందా, అద్దమూ పోతుంది, సూదీ పోతుంది. ఇస్త్రీ ఎప్పుడూ తిరగవేసి, కింద మెత్తటి తువ్వాలు పరిచి చెయ్యాలి. ప్లాస్టిక్ అద్దాలైతే ఇస్త్రీ పెట్టె తగలనే కూడదు.

మిగిలిన ముక్కలా? పాలమూరు అవ్వలనడగండి. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పోగుకుట్టుతో బొంత కుడతారు. కూలికి దూరదేశం పోయే సంసారం మూటలో మొదట పెట్టేది ఆ బొంతనే. దాన్ని ఎవరూ ఫ్యాషన్ అనలేదు. కాని అంత రంగుల కూర్పు ఏ బొమ్మల పుస్తకంలో ఉంది?

పెట్టె తెరిస్తే...

మొన్న శ్రావణంలో దేవరకొండ వెళ్లాను. తీజ్ రోజులు. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచే పండగ. ఆ తొమ్మిది రోజులూ తండాలో ట్రంకు పెట్టెలు తెరుచుకుంటాయి. నా సంచిలో ఆ నల్ల జాకెట్టు ఉంది. ఇన్నేళ్లూ పారేయలేదు, మళ్లీ తొడుక్కోనూ లేదు.

పిల్లలు చాలామంది కొనుక్కున్న బట్టలే వేసుకున్నారు. మిషన్ ఎంబ్రాయిడరీ, ప్లాస్టిక్ అద్దాలు, తేలిగ్గా ఉన్నాయి. తప్పు పట్టను. ఎండలో అంత బరువు మోస్తూ ఆడమని చెప్పడానికి మనమెవరం? ఒక ముసలామె మాత్రం పాత పేట్యాలో గడప మీద కూర్చుని ఉంది. పక్కన బి.ఇడి. చదువుతున్న మనవరాలు. నేను జాకెట్టు తీసి ఆమె చేతికిచ్చి, జరిగింది చెప్పాను.

ఆమె కళ్లద్దాలు సవరించుకుని, వేలితో తడిమి చూసింది. "గిది తల్లి కుట్టు... గిది బిడ్డ కుట్టు..." ఒక్క అద్దం దగ్గర ఆగింది. "గిది మావోళ్లది గాదు. గిది నీదే!"

నలభై ఏళ్ల కిందట గడప మీద కూర్చుని నేను కుట్టిన అద్దం అది. పట్టేసింది!

"ఆమె పేరేంది?" అంది.

"తెలియదవ్వా."

"పదేను రూపాలు ఇచ్చినవు గని, పేరు అడగకపోతివా బిడ్డా?"

నేను తల దించుకున్నాను. మనవరాలు మాట మార్చడానికి "అవ్వా, దీన్ని విప్పి మళ్లీ కాంచళి చేయొచ్చునా?" అంది. ముసలామె ముక్కలు పక్కపక్కన పెట్టి చూసింది. నా కత్తెర పడ్డచోట రెండు వేళ్ల వెడల్పు తక్కువైంది. "నడుమ కొత్త పట్టీ పెట్టాలె. గా పట్టీ నువ్వే కుట్టు" అని మనవరాలికి చెప్పింది. మనవరాలు నవ్వి, "నాకు సగమే వచ్చు, మేడమ్‌కి ఒక్క అద్దం వచ్చు. ఇద్దరం కలిసి కుడతాం లే" అంది.

నల్ల శాటిన్ నుంచి ముక్కలు విప్పడానికే మాకు సాయంత్రమైంది. నా మిషన్ కుట్టు ఒక్క దారం లాగితే పొడుగునా ఊడివచ్చింది. ఆ పాత కుట్టు మాత్రం ఒక్కటీ కదల్లేదు. వచ్చేటప్పుడు ఆ ముక్కలు అక్కడే వదిలి వచ్చాను. కొత్త పట్టీ ఎంతవరకొచ్చిందో మనవరాలు అప్పుడప్పుడు ఫోన్లో ఫోటో తీసి పంపిస్తోంది. మొన్నటికి ఏడు అద్దాలు. అందులో ఒకటి వంకరగా ఉందని అవ్వ విప్పించిందట!

పాఠకురాలా, ఈసారి తెర మీద జాకెట్టు నచ్చితే తప్పకుండా కుట్టుకోండి. మిషన్ దుమ్ము దులపండి, నూనె వేయండి, ముందు పాత గుడ్డ మీద ప్రయత్నించండి. అద్దాల పని చేయించుకుంటే మాత్రం డబ్బులతో పాటు ఆమె పేరు కూడా అడిగి తెలుసుకోండి. రేపు ఎవరైనా "ఎవరు కుట్టారే?" అంటే చెప్పడానికి ఉండాలి కదా.